బోర్ కొట్టదా?

మా బావగారికి తెలియని సంగతి లేదు. తెలిసిన సంగతి చెప్పకుండా ఊరుకోవడం ఎలాగో మాత్రం తెలియదు. విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేసు కంట్రోల్ రూములో పనిచేసి రిటైరై, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. అక్కడి ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. పెళ్ళయిన కొత్తలో ఒక రాత్రి ఎవరో వచ్చి, "సారు గోదావరి దగ్గర ఉండిపోయారమ్మా, పొద్దున్నే వస్తారు" అని చెబితే, మా అక్క ఆయన రాజమండ్రి వెళ్ళారనుకుని, చెప్పకుండా వెళ్ళినందుకు తెల్లవార్లూ అలిగి కూర్చుందట.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన మాట్లాడింది తక్కువే. మాట్లాడటానికి అక్కడ ఎవరున్నారు గనక. ఎదురుగా గోడ నిండా మీటర్లు, కాగితం మీద గీతలు గీసుకుంటూ పోయే పెన్నులు. ముల్లు ఉండాల్సిన చోటే ఉంటే షిఫ్టు ఆఖర్న లాగ్‌బుక్కులో "అంతా నార్మల్" అని రాసి, సంతకం పెట్టి ఇంటికి రావడం. ఆ మౌనమంతా ఇప్పుడు వడ్డీతో సహా మా దగ్గర వసూలు చేస్తున్నారు.

ఆ ఆదివారం యారాడ వెళదామన్నది అక్క. బెంగుళూరు నుంచి మనవడు సెలవలకి వచ్చాడు. ఇల్లు కదలడు, ఫోను వదలడు. సముద్రం చూపిస్తేనైనా మొహంలో కళ వస్తుందని ఆవిడ ఆశ. నేను కారు నడుపుతున్నాను, బావగారు ముందు సీటు, అక్కా మనవడూ వెనక. గాజువాక దాటి శ్రీహరిపురం వచ్చేసరికి పిల్లవాడి ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. వాడు తలెత్తి కిటికీలోంచి ఒక్క నిమిషం చూశాడు.

"తాతయ్యా, బోర్ కొడుతోంది."

వెనక సీట్లో అక్క కళ్ళు మూసుకుంది. ఏం జరగబోతోందో ఆవిడకి తెలుసు.

బావగారు సీటు బెల్టు సడలించుకుని వెనక్కి తిరిగారు. "బోర్ అంటే ఏమిట్రా? ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసా? తెలీదు. నీకే కాదు, ఇంగ్లీషువాళ్ళకే తెలీదు!"

అక్కడినుంచి మొదలు. 1768లో ఒక ఇంగ్లీషు ప్రభువు, తన స్నేహితులు ఎవరో ఫ్రెంచి అతిథుల్ని భరించాల్సి వస్తోందని జాలిపడుతూ రాసిన ఉత్తరంలో ఈ మాట వాడాడట. అంతకుముందు ఎక్కడా పెద్దగా కనబడదు. బెజ్జం వెయ్యడాన్నీ ఇంగ్లీషులో బోర్ అనే అంటారు గనక, బుర్రకి నెమ్మదిగా తూటు పొడవడమని దీని అర్థమా, లేక ఫ్రెంచివాళ్ళ మీద అక్కసుతో అక్కడి భాషలోంచి లాక్కొచ్చిన మాటా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. బోర్‌డమ్ అన్న మాటని జనం నోట్లో పెట్టింది డికెన్స్. 1852లో నెలనెలా భాగాలుగా వెయ్యడం మొదలుపెట్టిన 'బ్లీక్ హౌస్' నవలలో ఒక జమీందారిణి ఉంటుంది. డబ్బుంది, హోదా ఉంది, చెయ్యడానికి పని లేదు, చచ్చేంత బోరు.

"అంటే ఫోనుకి ఛార్జింగ్ అయిపోయిందన్నమాట" అన్నాడు వాడు.

పిల్లవాడు తెలివైనవాడే. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

నాకు మాత్రం కారు నడుపుతూ వేరే ఆలోచన వచ్చింది. ఇంగ్లీషువాడు బోర్ అవుతాడు. మనకి బోర్ కొడుతుంది. కొట్టేదెవరో తెలియదు, దెబ్బ మాత్రం మనకే. మన పాత మాటల్లో ఈ గొడవ లేదు. "ఏమీ తోచడం లేదు" అంటే తప్పు మనదే, మన బుర్రదే. "విసుగొచ్చింది" అంటే ఎక్కడినుంచో నడిచి వచ్చింది. "మొహం మొత్తింది" అంటే ఎక్కువ తిన్నాం. ఒక్క సుత్తికి మాత్రం దోషి ఉంటాడు, ఎదురుగానే కూర్చుని ఉంటాడు. జంధ్యాల 1982లో 'నాలుగు స్తంభాలాట' తీశాక సుత్తి అన్నది ఇద్దరు నటులకి ఇంటిపేరే అయిపోయింది. వీరభద్రరావు గారినీ వేలు గారినీ ఆ మాట లేకుండా పిలిచినవాళ్ళు లేరు. ఇప్పటి పిల్లలకి ఇన్ని మాటలక్కర్లేదు. పప్పన్నం బోరు, పాఠం బోరు, పెళ్ళి బోరు, చుట్టాలు బోరు. అన్నిటికీ ఒకటే సైజు చెప్పు.

"మా ఊళ్ళో బోరు కొట్టడమంటే బిందె నింపడం" అంది అక్క, కళ్ళు తెరవకుండానే. "పొద్దున్న లేవగానే అమ్మ 'పోయి బోరింగు కొట్టుకు రావే' అనేది. హేండిలు పట్టుకుని వేళ్ళాడితే గానీ అది దిగేది కాదు."

"ఇండియా మార్క్ టూ!" అన్నారు బావగారు, పాత స్నేహితుడు ఎదురైనట్టు. "డెబ్భైల్లో యూనిసెఫ్ వాళ్ళు దగ్గరుండి చేయించిన పంపు. అంతకుముందు పోత ఇనుము పంపులుండేవి, ఊరంతా కొడితే ఆర్నెల్లకే విరిగిపోయేవి. దీనికి ఉక్కు గొట్టం, హేండిలు దగ్గర గొలుసు..."

"నీళ్ళొచ్చేవి కదా" అంది అక్క. "మీరు కొడితే అవీ రావు."

మల్కాపురం వచ్చింది. ఎడంపక్క రిఫైనరీ గొట్టాలు, గొట్టాల మీద మంట. దాని చరిత్ర వస్తుందనుకున్నాను గానీ, బావగారు ఇంకా బోరులోనే ఉన్నారు. ఈసారి అమెరికా. 2014లో వర్జీనియా యూనివర్సిటీలో టిమోతీ విల్సన్ అనే ఆయన చేసిన ప్రయోగం. మనిషిని ఒక ఖాళీ గదిలో పావుగంట కూర్చోబెడతారు. ఫోను లేదు, పుస్తకం లేదు, నిద్రపోకూడదు. తన ఆలోచనలు, తను. పక్కన ఒక బటన్. నొక్కితే కరెంటు షాకు. అందరికీ ముందే రుచి చూపించారు. "బాబోయ్, ఇంకోసారి తగలకుండా ఉండటానికి కావాలంటే డబ్బులిస్తాం" అన్నవాళ్ళే అందరూ. తీరా పావుగంట అయ్యేసరికి మగవాళ్ళు పద్ధెనిమిది మందిలో పన్నెండు మంది వాళ్ళంతట వాళ్ళే బటన్ నొక్కి షాకు కొట్టించుకున్నారు. ఆడవాళ్ళు ఇరవైనాలుగు మందిలో ఆరుగురు. ఒక మహానుభావుడైతే నూట తొంభై సార్లు నొక్కాడు. ఆయన్ని లెక్కలోంచి తీసేశారు.

"చూశావా?" అన్నారు బావగారు. "మనిషి దెబ్బయినా తింటాడు గానీ బోరుని భరించలేడు."

అక్క కళ్ళు తెరిచింది. "ఆ ఆడవాళ్ళ గదిలో పక్కన మొగుళ్ళు కూర్చున్నారా?"

"లేదు. ఒక్కళ్ళే."

"అదీ సంగతి. అందుకే ఆరుగురే నొక్కారు."

సింధియా జంక్షన్‌లో కాసేపు ఆగాల్సి వచ్చింది. ఆ పేరు గ్వాలియర్ మహారాజుది అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేరుగా వచ్చింది మాత్రం వాల్‌చంద్ హీరాచంద్ ఓడల కంపెనీ నుంచి. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ ఇక్కడి షిప్‌యార్డుకి శంకుస్థాపన చేశారు. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జల ఉష'ని నీళ్ళలోకి దింపారు. కంపెనీ చేతులు మారి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయిపోయింది, కానీ బస్సు కండక్టరు నోట్లో ఇంకా సింధియాయే. ఇదంతా బావగారు చెప్పారు. నేను కుదించాను.

అక్కణ్ణించి ఘాట్ రోడ్డు. డాల్ఫిన్ నోస్ కొండని పట్టుకుని మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది. పైకి వెళ్ళేకొద్దీ వెనక హార్బరు, క్రేన్లు, నౌకాదళం వాళ్ళ బూడిదరంగు ఓడలు చిన్నవైపోతాయి. కొండ దాటి అవతలికి దిగుతుంటే ఒక్కసారిగా అంతా మారిపోతుంది. కొబ్బరితోటలు, వాటి వెనక పసుపు ఇసుక, ఇసుక వెనక సముద్రం. మూడుపక్కలా కొండలు, నాలుగోపక్క బంగాళాఖాతం. ఇంత ఫ్యాక్టరీల మధ్య ఇలాంటి చోటు మిగిలి ఉండటమే వింత. పిల్లవాడు కిటికీ దించి తల బయటపెట్టాడు. ఐదు నిమిషాలు బోరన్న మాట లేదు. ఆ ఐదు నిమిషాలూ బావగారు 1957లో కట్టిన లైట్‌హౌసు గురించి, దాని వెలుగు అరవైయైదు కిలోమీటర్ల దాకా కనబడటం గురించి చెప్పారు.

ఆదివారం కదా, యారాడ కిటకిటలాడుతోంది. ముగ్గురేసి ఎక్కిన బైకులు, బిర్యానీ పొట్లాలు, మొక్కజొన్న పొత్తుల బొగ్గు వాసన. నా పక్కన బైకు ఆపుతున్న కుర్రాణ్ణి ఎక్కడినుంచి బాబూ అని అడిగితే, "మధురవాడ అంకుల్, రూములో బోర్ కొట్టి వచ్చేశాం" అన్నాడు. ఆ కొండ ఎక్కి దిగే జనంలో సగంమందిని తోసుకొచ్చేది ఆ మాటే అయ్యుంటుంది.

యారాడ నీళ్ళ గురించి ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ అల పెద్దది, లోతు దగ్గర. మోకాళ్ళ దాకా అనుకుని ఇంకో రెండడుగులు వేస్తే మెడ దాకా వచ్చేస్తుంది. అంతకన్నా మోసం ఇంకొకటుంది. ఒడ్డుకు కొట్టిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోవాలి కదా. అవి ఇసుకలో ఎక్కడ పల్లముంటే అక్కడ చేరి, ఒక పాయలా లోపలికి పరిగెడతాయి. ఆ పాయ లోతుగా ఉంటుంది గనక అక్కడ అల సరిగా విరగదు. ఇటూ అటూ తెల్లటి నురగ, మధ్యలో ఆ ఒక్క చోటు ముదురు రంగులో, నున్నగా, ఏమీ జరగనట్టు ఉంటుంది. ఈత రానివాడు, పిల్లల్ని తెచ్చుకున్నవాడు వెతుక్కుని వెళ్ళి దిగేది సరిగ్గా అక్కడే. అందులో పడ్డవాడు భయంతో ఒడ్డువైపే ఎదురీదుతాడు, అలిసిపోతాడు. ఒడ్డు వెంబడి, పక్కకి ఈదితే బయటపడతాడు. ఆ పక్కకి ఈదాలన్న బుద్ధి ఆ క్షణంలో ఎవడికి పుడుతుంది?

ఆ నున్నటి చోటుకి ఎదురుగా ఇసుకలో ఎర్రజెండా పాతి ఉంది. బావగారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "అదిగో, అక్కడ ప్రశాంతంగా ఉంది. అక్కడికి తీసుకెళ్ళు" అన్నారు అక్కతో.

గట్టిగా ఈల వినబడింది.

జెండాకి కొంచెం వెనక, ఇసుక గుట్ట మీద ప్లాస్టిక్ కుర్చీలో ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళు ఉండొచ్చు. ఎండకి వెలిసిన ఎర్ర టీషర్టు, మెడలో ఈల, కుర్చీ కాలికి ఆనించి తాడు కట్టిన రబ్బరు ట్యూబు. యారాడలోనే చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్లవాడట, తర్వాత తెలిసింది. ఈల నోట్లోంచి తియ్యకుండానే చెయ్యి ఊపాడు, అటు కాదు, ఇటు. అక్క మనవణ్ణి పట్టుకుని ఇవతలి పక్కకి, నలుగురూ ఉన్నచోటికి వెళ్ళింది. వాడు చెప్పులు విప్పి ఆవిడ చేతికిచ్చి నీళ్ళలోకి పరిగెత్తాడు. నేను వాళ్ళ వెనకే వెళ్ళి, తడి ఇసుక దాకా వచ్చి ఆగాను.

బావగారు రాలేదు. ఆయనకి కొత్త శ్రోత దొరికాడు.

ఆ కుర్రాడికి ఎదురుగా, సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. బావగారిది భారీ విగ్రహం. మొదలు ఊరూ పేరూ అడిగారు, తర్వాత జీతం అడిగారు, తర్వాత అసలు విషయానికి వచ్చారు. గాలి ఇటు వీస్తోంది గనక నాకు ముక్కలు ముక్కలుగా వినబడుతూనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం. జర్మన్ సబ్‌మెరైన్లు. విమానాల్లో రాడారు తెర ముందు కూర్చునే ఇంగ్లీషు కుర్రాళ్ళు. గంటల తరబడి చూస్తే ఒక్క చుక్క కనబడటం, అది కాస్తా వీళ్ళు చూడకపోవడం. ఎందుకు చూడటం లేదో తేల్చమంటే మాక్‌వర్త్ అనే ఆయన ఒక గడియారం తయారుచేశాడు. అంకెలు లేవు, ఒకటే ముల్లు, సెకనుకి ఒక అడుగు. ఎప్పుడో ఒకసారి రెండడుగులు ఒకేసారి గెంతుతుంది. గెంతినప్పుడల్లా మీట నొక్కాలి. అంతే పని. అలా రెండు గంటలు.

"1948లో అచ్చువేశాడు ఫలితాలు. ఎంతసేపు నిలబడిందనుకున్నావు వాళ్ళ శ్రద్ధ? అరగంట! అరగంట దాటేసరికి ముల్లు గెంతుతూనే ఉంది, వీళ్ళు కళ్ళు తెరిచే ఉన్నారు, కనబడటం మానేసింది."

"ఔను సార్" అన్నాడు కుర్రాడు, మెడ ఎడమకి వంచి.

బావగారు కూడా ఎడమకి ఒక అడుగు జరిగారు. వినేవాడి కళ్ళలోకి చూస్తూ చెప్పడం ఆయన పద్ధతి.

కుర్రాడు మెడ కుడికి వంచాడు. బావగారు కుడికి జరిగారు. కుర్రాడు కుర్చీలోంచి సగం లేచి, ఆయన భుజం మీదుగా చూస్తూ రెండుసార్లు ఈల వేశాడు. చెవి పక్కనే వేసేసరికి బావగారు అదిరిపడ్డారు. నీళ్ళలో మధురవాడ కుర్రాళ్ళు జెండా వైపు జరుగుతున్నారు. "ఏయ్ అన్నా, బోర్ కొట్టకు!" అని ఒకడు అరిచాడు, మిగతావాళ్ళు నవ్వారు. అయినా ఇటు జరిగారు. మా మనవడు వాళ్ళ పక్కనే, నడుము దాకా నీళ్ళలో. అక్క చెప్పులు ఊపుతూ వెనక్కి రమ్మని కేకలేస్తోంది. వాడికి అవి వినబడుతున్నాయో లేదో.

"చూశావా, అప్పుడే నీకు నిలకడ పోయింది" అన్నారు బావగారు, చెవి రుద్దుకుంటూ, గెలిచినట్టు. "నీ తప్పు కాదు. మనిషి మెదడే అంత. నేనూ చేశానయ్యా ఇలాంటి ఉద్యోగం. గోడ నిండా మీటర్లు! రాత్రంతా చూస్తూ కూర్చోడం, ఏమీ జరగదు. కనీసం నాకు ఏసీ ఉండేది, టీ వచ్చేది. నీకు పొద్దుణ్ణించీ సాయంత్రం దాకా ఈ ఎండలో ఇవే నీళ్ళు, ఇవే అలలు, ఇదే జనం. నిజం చెప్పు, ఎవరికీ చెప్పనులే. బోర్ కొట్టదా అబ్బాయ్?"

ఆ కుర్రాడు మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు.

"రోజూ కొడతాది సార్. కొట్టాలనే పొద్దున్నే అప్పన్నకి దండం పెట్టుకుని మరీ వొస్తాను. పోయిన ఆదివారం ఒక్కరోజే కొట్టనేదు." మళ్ళీ మెడ పక్కకి వంచాడు. "మీరు రవ్వంత పక్కకి జరిగితే, ఈయేళ కూడా కొడతాది."